పెరటి ఉత్తరాలు: కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

వానలు మొదలయ్యాక నాకొచ్చే ఉత్తరాల్లో సగం "పురుగు పట్టింది, ఏం కొట్టాలి?" అనే ఉంటాయి. ఏ పురుగో రాయరు. ఆకు పైన ఉందో, కింద ఉందో రాయరు. మందు పేరు మాత్రం వెంటనే చెప్పెయ్యాలి. ముప్పయ్యేళ్లకు పైగా బడిలో సైన్సు పాఠాలు చెప్పినదాన్ని, ప్రశ్న సరిగ్గా లేకపోతే జవాబు రాయడానికి నాకు చెయ్యి రాదు. అందుకని ఈసారి కాస్త వివరంగా రాసినవాళ్లకే సమాధానాలు ఇస్తున్నాను. మిగతావాళ్లు కోప్పడకుండా ఆకు అడుగు వైపు ఫోటో ఒకటి తీసి పంపండి, వచ్చే నెల చూద్దాం.

టీచరుగారూ, మాది మియాపూర్‌లో ఆరో అంతస్తు. బాల్కనీలో మందారం మొగ్గల నిండా తెల్లగా దూది అంటుకున్నట్టు పురుగు పట్టింది. వేపనూనె కొడుతూనే ఉన్నా పోవడం లేదు. ఇప్పుడు వాటికంటే పెద్దవి, ఒంటినిండా తెల్లటి కుచ్చులున్నవి కూడా వచ్చాయి. మొక్క పీకి పారేయమంటారా? – ఒక ఐటీ ఉద్యోగిని, హైదరాబాద్

పీకకు తల్లీ. ముందు ఆ కుచ్చులున్నవాటి సంగతి చెప్పు. ఇంకా చంపలేదు కదా?

మొగ్గలకు పట్టినది పిండినల్లి. అది మూతి గుచ్చి రసం పీలుస్తూ ఉన్నచోటే ఉంటుంది, కదిపినా పెద్దగా కదలదు. కుచ్చులున్న పెద్దదాన్ని పుల్లతో మెల్లగా తాకి చూడు. గబగబా నడిచి పోయిందంటే అది పిండినల్లి కాదు, పిండినల్లిని తినే పెంకుపురుగు పిల్ల. క్రిప్టోలీమస్ అంటారు దాన్ని. ఒంటిమీది ఆ మైనపు పోగులు దానికి చీమల నుంచి రక్షణ. పెద్దదయ్యాక తెలుపంతా పోయి నల్లటి వీపు, నారింజ రంగు తల వస్తాయి. సొంతూరు ఆస్ట్రేలియా. కాఫీ తోటల్లో పొలుసు పురుగుల పని పట్టడానికి 1898లోనే మన దేశానికి తెచ్చారు. ఇప్పుడు దాన్ని ల్యాబుల్లో పెంచి రైతులకు అమ్ముతున్నారు. నీకు మాత్రం ఆరో అంతస్తుకు తనే వెతుక్కుంటూ ఎగిరొచ్చింది. చాలామంది దీన్నే "పెద్ద పిండినల్లి" అనుకుని ముందుగా చంపుతారు. కాపలా వచ్చినవాణ్ని కొట్టి దొంగను వదిలేస్తే ఇల్లు ఎప్పటికి బాగుపడుతుంది?

ఇక చీమల సంగతి. నీ కుండీ పక్కన చీమల బారు ఉండే ఉంటుంది, నువ్వు రాయలేదు. పిండినల్లి విసర్జించే తియ్యటి బంక కోసం చీమలు దాన్ని కాపు కాస్తాయి, శత్రువులు దగ్గరికి వస్తే తరుముతాయి, పిల్లల్ని కొత్త కొమ్మలకు చేరవేస్తాయి కూడా. చీమలను ఆపకుండా పిండినల్లి మీద ఏం కొట్టినా డబ్బు దండగ. కుండీని నీళ్ల పళ్లెంలో ఇటుక ముక్క మీద పెట్టు. కొమ్మలు గోడకు, గ్రిల్లుకు తగలకుండా చూడు. తగిలితే చీమలకు అదే వంతెన. ఆ పళ్లెంలో నీళ్లు రెండు రోజులకోసారి మార్చు, లేకపోతే దోమలు పెరిగి పక్క ఫ్లాటువాళ్లతో గొడవ.

వేపనూనె పనిచేయలేదన్నావు. ఎలా కలిపావు? నూనెను నేరుగా నీళ్లలో పోస్తే పైన తేలుతుంది. సగం మొక్కకు ఉత్త నీళ్లు, సగం మొక్కకు ఉత్త నూనె పడతాయి. నాలుగైదు కుంకుడుకాయలు నానబెట్టి చిక్కటి రసం తీసి, అందులో 5 మిల్లీలీటర్ల నూనె వేసి తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టాలి. ఆ తర్వాత కొద్దికొద్దిగా లీటరు నీళ్లు పోయాలి. ఎండ తగ్గాక కొట్టాలి, ఎందుకంటే వేపలో పనిచేసే పదార్థం ఎండకు త్వరగా విరిగిపోతుంది. నూనె పడిన ఆకు మధ్యాహ్నం ఎండలో మాడుతుంది కూడా. వేప చాలావరకు తిండి మాన్పిస్తుంది, ఎదుగుదల ఆపుతుంది. తెల్లారేసరికి పురుగు చచ్చి పడి ఉంటుందని చూడకు. ఇప్పుడు నీ దగ్గర పెంకుపురుగు పిల్లలున్నాయి గనుక అసలు కొట్టనే వద్దు. బాగా ముదిరిన మొగ్గలు తుంచి కవర్లో కట్టి పారేయి, మిగతావి వాటికి వదిలేయి.

ఒక ఆశ్చర్యం చెప్తాను. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి అనే కొత్త పురుగు బయటపడింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం, ఏదీ వదల్లేదు. మందులు కొట్టీ కొట్టీ రైతులు విసిగిపోయారు. 2010లో బెంగళూరులోని కేంద్ర కీటక పరిశోధన సంస్థ ప్యూర్టోరికో నుంచి చిన్న పరాన్నజీవి కందిరీగలను తెప్పించి వదిలింది. కంటికి సరిగ్గా ఆనని ఆ కందిరీగ పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపలి నుంచి తినేస్తుంది. మందులతో లొంగని పురుగు దానికి లొంగింది.

మేడమ్, కిందటిసారి మీరు "గొంగళి పురుగుల్ని వెంటనే చంపకండి" అని రాశారు. ఆ మాట విన్న పాపానికి మా కరివేపాకు మొక్క గుండు కొట్టించుకున్నట్టయింది. పప్పులో వేయడానికి నాలుగు రెబ్బలు లేవు. ఇప్పుడేమంటారు? – హనుమకొండ గృహిణి

అదే మాట మళ్లీ అంటాను. కాకపోతే రాయాల్సింది ఇంకొంచెం ఉంది.

కరివేపాకు మీద చిన్నప్పుడు పిట్ట రెట్టలా నలుపు తెలుపు మచ్చలతో ఉండి, తర్వాత ఆకుపచ్చగా మారేది నిమ్మజాతి సీతాకోకచిలుక పిల్ల. తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. భయపడకండి, అది ఏమీ చేయదు. పిట్టల్ని బెదిరించే ఎత్తు అది. పెద్ద చెట్టు మీద పది పురుగులున్నా కనిపించవు. కుండీలో మూరెడు మొక్క మీద మూడు పడ్డా గుండే. మీది కుండీ మొక్కే అనుకుంటున్నాను.

నేను చేసేది ఇది. పెరటి మూల ఒక నిమ్మ మొక్క, ఒక మారేడు మొక్క వాటి కోసమే పెంచుతాను. వాటి మీద కాపు గురించి నాకు ఆశ లేదు. కరివేపాకు మీద పురుగు కనబడితే ఆకుతో సహా తుంచి అక్కడికి మారుస్తాను. మారేడు ఆకును అవి ఇష్టంగా తింటాయి. అక్కడ కొన్నింటిని పిట్టలు తింటాయి, కొన్నింటిని కందిరీగలు ఎత్తుకుపోతాయి, మిగిలినవి రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. మీకు మారేడుకు చోటు లేకపోతే కరివేపాకు కుండీకి పాత దోమతెర ముక్క కప్పండి. సీతాకోక వాలి గుడ్డు పెట్టలేదు. ఇప్పటికే మోడైపోయిన కొమ్మల్ని కొసలు కత్తిరించి కాస్త పశువుల ఎరువు వేయండి, కరివేపాకు మొండి మొక్క, మళ్లీ చిగురు వేస్తుంది. ఈలోగా పక్కింటివాళ్లను అడిగి తెచ్చుకోండి. కరివేపాకు అడిగితే కాదన్నవాళ్లను నేనింతవరకు చూడలేదు.

లేత ఆకులు ముడుచుకుపోయి, వాటి మీద తెల్లటి పోగులు కనబడితే అది వేరే పురుగు, సీతాకోకది కాదు. దానికి నీళ్ల పైపుతో గట్టిగా కడగండి, ముడుచుకున్న చివుళ్లు తుంచేయండి.

అమ్మా, తణుకు దగ్గర పల్లె మాది. వాన పడితే చాలు, గోడల మీద, బొప్పాయి మొక్కల మీద, బావి గట్టు మీద ఎక్కడ చూసినా పెద్ద పెద్ద నత్తలే. రాత్రికి రాత్రి బంతి నారంతా నమిలేస్తున్నాయి. ఉప్పు చల్లుతున్నాం. మా తమ్ముడు షాపులో దొరికే నత్తల గుళికలు తెస్తానంటున్నాడు. తెమ్మనమంటారా? – పెరటి తోట రైతు

వద్దనండి. మీ ఇంట్లో కుక్క ఉందో లేదో నాకు తెలియదు, వీధిలో మాత్రం ఉంటాయి. ఆ గుళికల్లో ఎక్కువగా ఉండే మెటాల్డిహైడ్ కుక్కలకు విషం. రుచిగా ఉండేలా చేస్తారు గనుక కుక్కలు తింటాయి కూడా. కోళ్లకూ మంచిది కాదు.

మీరు చెప్పేది ఆఫ్రికా నత్త. దానికి మన మట్టితో సంబంధం లేదు. 1847లో బెన్సన్ అనే తెల్లదొర మారిషస్ నుంచి రెండు నత్తల్ని కలకత్తా తెచ్చి అక్కడి తోటలో వదిలాడని చరిత్ర. దొరగారికి సరదా, మనకు శిక్ష. ఒక్కొక్కటి ఆడా మగా రెండూ తానే. విడతకు వందకు పైగా గుడ్లు పెడుతుంది, అవి తడి మట్టిలో, కుండీల అడుగున, రాలిన ఆకుల కింద లేత పసుపు రంగులో గుంపుగా ఉంటాయి. నత్తల్ని ఏరినవాళ్లు గుడ్ల సంగతి మరిచిపోతారు. అందుకే నెల తిరిగేసరికి మళ్లీ అదే కథ.

ఉప్పు చల్లకండి. నత్త చస్తుంది నిజమే, దాంతోపాటు మడి కూడా చస్తుంది. ఆ మట్టిలో వానపాము బతకదు, ఆ ఏడాది ఆకుకూర మొలవదు. ఉప్పు బకెట్లోనే ఉండాలి. సాయంత్రం పొద్దు వాలాక తడిపిన గోనెసంచి పరిచి, దాని మీద బొప్పాయి ఆకులు, క్యాబేజీ రెక్కలు, కుళ్లిన కూరగాయ ముక్కలు పెట్టండి. రాత్రి భోజనాలయ్యాక టార్చి వేసుకుని వెళ్తే గుంపుగా దొరుకుతాయి. తెల్లవారుజామున ఇంకోసారి గోనె ఎత్తి చూడండి. ఏరినవాటిని చిక్కటి ఉప్పునీళ్ల బకెట్లో వేసి, చచ్చాక మూరెడు లోతు గొయ్యిలో సున్నం చల్లి పూడ్చండి. ఊరి చెరువు గట్టున, పక్కవాళ్ల ఖాళీ స్థలంలో పారేయకండి. అవి నడిచొస్తాయి.

ఉత్త చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. ఆ నత్తలో, దాని బంకలో ఎలుకల నుంచి వచ్చే ఒక పురుగు ఉండవచ్చు, మనిషి ఒంట్లోకి చేరితే మెదడు పొరలకు వాపు తెస్తుంది. చేతికి గ్లవ్స్ గానీ, దళసరి పాలిథిన్ కవరు గానీ వేసుకోండి. పిల్లల్ని ఆడుకోనివ్వకండి. ఆ తోటలో ఆకుకూరలు కోస్తే రెండు మూడు నీళ్లతో కడిగి, ఉడికించే తినండి. కొత్తిమీర పచ్చిగా చల్లుకోవడం వానాకాలం దాటేదాకా మానండి.

మీ పల్లెలో జెముడుకాకులు ఉన్నాయా? నల్లటి ఒళ్లు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్లు, పొదల్లో "కూప్ కూప్" మని లోతుగా అరుస్తుంది. ఆ పిట్ట ఈ నత్తల్ని వదలదు. పెరట్లో ముళ్ల పొదను, గుబురు కంచెను శుభ్రం పేరుతో నరికేస్తే దానికి గూడు చోటు పోతుంది. శుభ్రం చేయాల్సింది కుళ్లిన ఆకుల కుప్పల్ని, ఇటుకల గుట్టల్ని. పగలంతా నత్తలు దాక్కునేది వాటి కిందే. కంచె జోలికి పోకండి.

ఇంకొక్క మాట. గోరంత ఉండే చిన్న చిన్న నత్తలు మనవి, ఎప్పటి నుంచో ఉన్నవి. చాలావరకు కుళ్లిన ఆకులు తిని బతుకుతాయి. వాటిని ఏరి చంపే ఓపిక ఉంటే ఆ ఓపికతో గుడ్లు వెతకండి.

టీచరమ్మా, మా పాక వెనక తాటిచెట్టు మీద తెల్లటి గుడ్లగూబ జంట చేరింది. అపశకునం, తరిమేయమని మా అత్తగారు రోజూ పోరు పెడుతున్నారు. మరోపక్క ఎలుకలు చిలగడదుంపల్ని తవ్వేస్తున్నాయి, మా ఆయన ఎలుకల మందు పెడతానంటున్నారు. – జంగారెడ్డిగూడెం

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. లక్ష్మీదేవి వాహనం ఏదో ఆవిడనే అడగండి. బెంగాల్లో గుడ్లగూబ ఇంటికొస్తే సంతోషిస్తారు. మనం చీపురు పట్టుకుంటాం. ఆవిడకు ఇంకా నచ్చజెప్పాలంటే పొద్దున్నే తాటిచెట్టు మొదట్లో చూపించండి. నల్లటి ఎండిన ఉండలు పడి ఉంటాయి. పుల్లతో విప్పితే లోపల ఎలుక పుర్రె, ఎముకలు, బొచ్చు దొరుకుతాయి. ఆ పిట్ట ఎలుకను ముక్కలు చేయకుండా మింగి, అరగనిదాన్ని అలా ఉండ చేసి కక్కుతుంది. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇదే పాఠం చెప్పేదాన్ని, ఒక్క ఉండలో రెండు పుర్రెలు దొరికిన రోజు క్లాసు క్లాసంతా అరుపులే.

మీ ప్రాంతమంతా ఆయిల్‌పామ్ తోటలు కదా. మలేషియాలో ఆయిల్‌పామ్ రైతులు ఇదే జాతి గుడ్లగూబల కోసం తోటల్లో చెక్కపెట్టెలు కట్టి మరీ పిలుస్తారు, ఎలుకలు గెలల్ని కొరక్కుండా. మీకు పిలవకుండానే వచ్చాయి.

మీ ఆయన్ని మాత్రం ఆపండి. బజార్లో దొరికే బ్రోమడియోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మత్తుగా, నిదానంగా బయట తిరుగుతుంది. గుడ్లగూబకు, పిల్లికి, పాముకు సులువుగా దొరికేది అలాంటి ఎలుకే. దాన్ని తింటే ఆ విషం వీటికీ ఎక్కుతుంది. ఒక పక్క ఎలుకల్ని తినేదాన్ని చంపి, ఇంకో పక్క ఎలుకల మందు కొనడం ఏం లెక్క? బోను పెట్టండి, ఎండుచేప ముక్క ఎర వేయండి. కోళ్ల దాణా, బియ్యం బస్తాలు రేకు డబ్బాల్లోకి మార్చండి. దుంపల మడి చుట్టూ గడ్డి కొట్టి ఒట్టి నేల వదలండి, కప్పు లేని చోట ఎలుక తిరగడానికి జంకుతుంది, తిరిగితే పైనున్నవాళ్లు చూసుకుంటారు. బాగా బలిసిన పందికొక్కును మాత్రం ఈ పిట్ట ఎత్తలేదు. దానికి బోనే గతి.

ఎవరైనా వచ్చి ఆ పిట్టల్ని పట్టుకుంటామంటే, కొంటామంటే ఒప్పుకోవద్దు. దీపావళి ముందు పూజల పేరుతో ఇలాంటి అమ్మకాలు జరుగుతుంటాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, అటవీశాఖకు కబురు చేయండి.

నమస్కారం. వంగ మొక్క కొసలు వాలిపోతున్నాయి, కాయ కోస్తే లోపల పురుగు. పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం వారం వారం కొడుతున్నాను. ఘాటుకు నాకు తుమ్ములు తప్ప పురుగుకు ఏమీ కావడం లేదు. – పొన్నూరు, విశ్రాంత ఉద్యోగి

పురుగు కాయ లోపల, మీ కషాయం కాయ బయట. ఇంక ఎలా తగులుతుంది సార్? గుడ్డు నుంచి వచ్చిన పిల్ల కొన్ని గంటల్లోనే మొవ్వులోకో కాయలోకో దూరిపోతుంది, వెనక రంధ్రాన్ని మూసుకుంటుంది. ఘాటైన రసాయన మందులే దానికి సరిగ్గా తగలవు. ఈ పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంకాయను 2010లో కేంద్రం ఆపినప్పుడు దేశమంతా వాదోపవాదాలు జరిగాయి గుర్తుందా, ఆ గొడవంతా ఈ పురుగు గురించే.

వాలిన కొస కనబడగానే, వాడిన భాగానికి అంగుళం కిందికి కత్తిరించండి. కొమ్మ మధ్యలో సొరంగం ఇంకా కనబడితే మరికాస్త కిందికి. లోపల గులాబీ రంగు పురుగు దొరకాలి. దొరక్కపోతే అది కిందికి దిగింది. కత్తిరించినదాన్ని సబ్బునీళ్లలో వేయండి, కంపోస్టు కుప్పలో కాదు. అక్కడ హాయిగా రెక్కలొచ్చి తిరిగొస్తుంది. పుచ్చిన కాయలకూ అదే పని. పూత రాకముందే కొసలు వాలడం మొదలవుతుంది గనుక అప్పుడే వారానికి రెండుసార్లు మొక్కల మధ్య తిరిగితే కాపు సమయానికి చాలా తేడా కనబడుతుంది.

దీనికి లింగాకర్షక బుట్ట ఒకటి తెచ్చి మొక్క ఎత్తులో కట్టండి. ఆడ రెక్కల పురుగు వాసన ఎర వేసి మగవాటిని పట్టేది. పెరటికి ఒకటి రెండు చాలు, ఎర నెలకోసారి మార్చాలి. పాత ముదురు వంగ మొక్కల్ని మొహమాటానికి ఉంచుకోకండి. కొత్త నారుకు పురుగు అంటేది వాటి నుంచే.

వంగ ఆకుల్ని జల్లెడలా గీకి తినే చుక్కల పెంకుపురుగు కూడా మీకు తగలవచ్చు. ఇక్కడ జాగ్రత్త. చివుళ్ల రసం పీల్చే పేనుబంకను తినే మంచి పురుగును, ఈ ఆకు తినేదాన్ని, రెంటినీ మనవాళ్లు అక్షింతల పురుగు అనే అంటారు. వీపు నిగనిగలాడుతూ, చుక్కలు కొద్దిగా ఉంటే అది మిత్రుడు. వీపు మసకగా, సన్నటి నూగుతో, చిన్న చిన్న నల్లచుక్కలు పాతిక దాకా ఉంటే శత్రువు. శత్రువు పిల్లలు పసుపుగా, ఒంటినిండా ముళ్లతో ఆకు అడుగున ఉంటాయి. వాటిని ఏరి సబ్బునీళ్లలో వేయండి.

మేడమ్ గారూ, మా కందుకూరు వైపు పొగాకు కాడలు ఊరికే దొరుకుతాయి. వాటిని ఉడకబెట్టి కొడితే అన్ని పురుగులూ పోతున్నాయి. ప్రకృతి సిద్ధమైనది కదా, మీ పాఠకులకు చెప్పండి. – ఒక మిద్దెతోట అభిమాని

చెప్తాను నాయనా, వాడొద్దని చెప్తాను. "అన్ని పురుగులూ పోతున్నాయి" అన్నావే, అదే దాని తప్పు. తేనెటీగ పోతుంది, అక్షింతల పురుగు పోతుంది, పేనుబంకను తినే అల్లిక రెక్కల పురుగు పోతుంది. పేనుబంక మాత్రం వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది, ఈసారి తినేవాళ్లు లేకుండా. పొగాకులోని నికోటిన్ విషం, చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. మీ వైపు పచ్చాకు కొట్టే కూలీలకు తల తిరగడం, వాంతులు ఎందుకొస్తాయో నీకు నేను చెప్పాలా? ఆ నికోటిన్ పద్ధతిలో పనిచేసే రసాయనాలే ఇమిడాక్లోప్రిడ్ జాతి మందులు. తేనెటీగల కోసమే యూరప్ 2018లో అలాంటి మూడింటిని ఆరుబయట పొలాల్లో వాడొద్దని నిషేధించింది. పైగా పొగాకు, టమాటా, మిరప ఒకే కుటుంబం. పొగాకులో ఉండే మొజాయిక్ తెగులు చేతుల మీదుగా వాటికి అంటవచ్చు.

పేనుబంకకు ఇంత పెద్ద ఆయుధం ఎందుకసలు? చిక్కుడు కొసల్ని వేళ్లతో నలిపేసి, నీళ్ల పైపు పెట్టి కడిగితే సగం పని అయిపోతుంది.

అమ్మగారూ, అమలాపురం దగ్గర మాకు ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు. ఆకుల అడుగున తెల్లటి పొడి, కింద అరటి, జామ ఆకులన్నీ నల్లగా మసి పట్టాయి. కారు మీద బంక. చెట్టెక్కి మందు కొట్టేవాళ్లను మాట్లాడాం. కొట్టించాలా? – టెన్షన్‌లో ఉన్న ఇంటివాడు

అడ్వాన్సు ఇచ్చారా? ఇవ్వకపోతే వద్దని చెప్పండి. అది సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికా నుంచి వచ్చిన పురుగు, మన దేశంలో 2016లో పొల్లాచ్చిలో మొదట కనబడింది, తర్వాత కోనసీమ దాకా పాకింది. ఆకు అడుగున చుట్లు చుట్లుగా గుడ్లు పెడుతుంది. చూడటానికి భయంగా ఉంటుంది గానీ దీనివల్ల కొబ్బరి చెట్టు చచ్చిపోవడం అరుదు.

దీని మీద ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ తనంత తానే పనిచేస్తోంది. ఆకు అడుగున భూతద్దంతో చూడండి. తెల్లదోమ పిల్లలు కొన్ని నల్లబడి, వాటి మీద గుండ్రటి కన్నం ఉంటే కందిరీగ లోపలి నుంచి తిని బయటికెళ్లిందన్నమాట. చెట్టంతా విషం కొడితే ముందు చచ్చేది ఆ కందిరీగ, ఆ తర్వాత తెల్లదోమకు అడ్డే ఉండదు. శాస్త్రవేత్తలు కూడా రసాయన మందులు వద్దనే చెప్తున్నారు. మీకు దగ్గర్లోనే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, అక్కడ మిత్రపురుగుల మీద, పురుగును చంపే మిత్రశిలీంధ్రం (ఒక రకం బూజు) మీద పనిచేస్తున్నారు. ఆకు ముక్కొకటి కవర్లో పెట్టుకుని వెళ్లి చూపించండి.

ఇంటి దగ్గర చేయగలిగింది: పొట్టి చెట్లకు మోటారు పైపుతో ఆకు అడుగు వైపు గట్టిగా నీళ్లు కొట్టడం. పసుపు రంగు షీట్లకు ఆముదం రాసి కట్టడం. మసికి లీటరు నీళ్లకు 10 గ్రాముల మైదా చొప్పున కాచి చల్లార్చిన గంజి కొడితే ఎండాక పెళ్లలుగా ఊడిపోతుంది. కారును వేరే చోట పెట్టుకోండి, దానికి నా దగ్గర మందు లేదు.

ఆంటీ, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. టమాటా మొక్క మీద వేలెడంత లావు పచ్చటి పురుగు, వీపు మీద బియ్యం గింజల్లాంటివి నిలబడి ఉన్నాయి. మా అబ్బాయి గుడ్లు అంటున్నాడు. తీసేయనా? – తోట కొత్తగా మొదలుపెట్టిన అమ్మాయి

ఆ ఒక్కదాన్నీ ఉండనివ్వమ్మా. అవి గుడ్లు కావని మీ అబ్బాయికి చెప్పు. పురుగు ఒంట్లో పెరిగిన చిన్న కందిరీగ పిల్లలు బయటికొచ్చి అల్లుకున్న గూళ్లు అవి. ఆ పురుగు ఇక పెద్దగా తినదు, ఎలాగూ బతకదు. ఆ గూళ్లలోంచి వచ్చే కందిరీగలు మిగతా పురుగుల్ని వెతుక్కుంటాయి. వీపు నున్నగా ఉన్నవాటిని మాత్రం చేత్తో తీసి సబ్బునీళ్లలో వేయి. అవి కుట్టవు, కరవవు. అక్కడ మెంతికూర పక్కన సోంపు, సోయకూర వేస్తే నల్లటి చారలున్న పచ్చ పురుగులు వస్తాయి. అవి మీ ప్రాంతపు నల్ల సీతాకోకచిలుక పిల్లలు, పిల్లాడికి చూపించడానికి రెండు కొమ్మలు వదిలెయ్.

సార్/మేడమ్, జామకాయల్ని ఉడతలు, చిలుకలు కొరికేస్తున్నాయి. చెట్టంతా నైలాన్ వల వేయాలనుకుంటున్నాం. ఏ సైజు తీసుకోవాలి? – కావలి

మేడమే. చెట్టంతా వద్దండీ. వదులుగా వేలాడే సన్నటి నైలాన్ వలలో చిలుక కాళ్లు, జెర్రిపోతు మెడ చిక్కుకుంటాయి, మీరు చూసేసరికి ఆలస్యమవుతుంది. జెర్రిపోతు పోతే మీ ఎలుకలకు పండగ. కాయ నిమ్మకాయంత అయ్యాక ఒక్కొక్కదానికి పాత చీర ముక్కతో గానీ కాగితపు సంచితో గానీ చిన్న తొడుగు కట్టండి, పండు ఈగ కూడా లోపలికి పోలేదు. అందేంత ఎత్తులో ఉన్నవాటికే కట్టండి, చిటారు కొమ్మల కాయలు వాళ్ల వాటా. వల తప్పదనుకుంటే చిన్న కన్నాలున్న దళసరి వల తీసుకుని, కర్రల చట్రం మీద బిగుతుగా లాగి, అంచులు నేలకు ఆనేలా కట్టి, పొద్దునా సాయంత్రం ఒకసారి చుట్టూ తిరిగి చూడండి.